పోపుల డబ్బాలో రోము నాణేలు

మా మనవరాలు మింగింది రూపాయి బిళ్ళ కాదని ఆ రోజు మధ్యాహ్నం దాకా నాకొక్కదానికే తెలుసు. తెలిసీ చెప్పలేదు. ఆ మూడు గంటల సంగతి ఇంట్లో ఎప్పుడు కదిపినా ఎవరో ఒకరు లేచి వెళ్ళిపోతారు. అందుకే రాస్తున్నాను.

మాది రామచంద్రపురం. మార్కెట్ వీధిలో మాకు కిరాణా హోల్‌సేల్ కొట్టు ఉంది. ఇల్లు దానికి రెండు వీధులవతల. మావారు పొద్దున్నే ఎనిమిదింటికి కొట్టుకెళ్తే భోజనానికే వస్తారు. నేను సాయంత్రాలు హైస్కూలు పిల్లలకి సోషల్ ట్యూషన్ చెబుతాను.

పెళ్ళికి ముందు రాజమండ్రిలో బి.ఏ. చదివాను. చరిత్ర చెప్పే మేడమ్ ఒకరోజు రుమాల్లో చుట్టి ఒక వెండి నాణెం తెచ్చారు. రోము దేశానిది, రెండు వేల ఏళ్ళ నాటిది అన్నారు. మన కోస్తా రేవులకి బట్టల కోసం, మిరియాల కోసం వచ్చిన ఓడల్లో ఇలాంటివి మూటలకొద్దీ దిగేవట. బెంచీ బెంచీ దాటి నా దగ్గరికి వచ్చేసరికి అది అందరి చేతుల వేడితో వెచ్చగా ఉంది. పక్కబెంచీకి ఇవ్వడం ఆలస్యం చేశానని వెనకమ్మాయి వీపు మీద గిల్లింది కూడా.

ఆ వెచ్చదనం ఎక్కడో ఉండిపోయినట్టుంది. మా అమ్మాయి పెళ్ళయ్యాక, చేతిలో కాస్త తీరిక, ట్యూషన్ ఫీజుల తాలూకు నాదంటూ నాలుగు రూపాయలు ఉన్నప్పుడు నాణేలు కొనడం మొదలుపెట్టాను. కోయంబత్తూరు వైపు పాత నాణేలు అమ్మే ఒక పెద్దాయన ఉన్నారు, రసీదుతో పాటు ప్రతి నాణెం గురించీ ఒక కాగితం రాసి పోస్టులో పంపేవారు. ఎనిమిదేళ్ళలో పది నాణేలు చేరాయి. చిన్నవి, మన పాత పావలా అంత ఉంటాయేమో. ఒకవైపు తలకి ఆకుల దండ కట్టుకున్న చక్రవర్తి ముఖం. రెండోవైపు కుర్చీలో కూర్చుని చేత్తో కొమ్మ పట్టుకున్న ఆడమనిషి.

మొదటిది వచ్చినప్పుడు సంబరంగా మా అత్తగారికి చూపించాను. ఆవిడ చేత్తో తాకలేదు.

"భూమిలోంచి తీసిన సొమ్ము ఇంట్లో పెట్టకమ్మా," అన్నారు. "అది పసిపిల్లల్ని కోరుకుంటుంది."

తిరిగి పంపించేస్తానని చెప్పాను. పంపలేదు. ఆవిడ పోయాక కూడా మావారికి చెప్పడానికి నోరు రాలేదు. తల్లి మాట జవదాటే మనిషి కాదాయన. పాతబడిన స్టీలు పోపుల డబ్బా ఒకటి ఉంటే, అందులో ఉండే ఏడు గిన్నెల్లోనూ దూది పరిచి నాణేలు సర్ది, బీరువా పైఅరలో పట్టుచీరల వెనక పెట్టుకున్నాను.

పదకొండోదే తంటా తెచ్చింది. రాజమండ్రిలో నాణేల ప్రదర్శన జరిగితే, స్నేహితురాలి ఇంటికని చెప్పి వెళ్ళాను. ఒక కొత్త మనిషి దగ్గర చవగ్గా దొరికిందని రసీదు లేకుండానే కొన్నాను. ఇంటికొచ్చాక అనుమానం వచ్చి, వెండి కొట్టులో తూకం వేయించాను. మిగతావన్నీ మూడు గ్రాముల ముప్పాతిక దగ్గర తూగితే ఇది మూడు కూడా లేదు. అంచున ఒకచోట పైపూత లేచి గుండుసూది తలంత నల్లటి చుక్క కనిపించింది. సీసం బిళ్ళలకి వెండిపూత పూసి అమ్ముతారని ఆ పెద్దాయన కాగితాల్లోనే ఎక్కడో చదివాను. మోసపోయానని నాకు నేను ఒప్పుకోవడం ఇష్టం లేక, దాన్ని పారెయ్యకుండా డబ్బాలో నడిమి గిన్నె ఖాళీ చేసి అందులో విడిగా పెట్టాను.

మొన్న కార్తీకమాసంలో మా అమ్మాయీ అల్లుడూ అన్నవరంలో వ్రతం చేసుకుందామనుకున్నారు. వాళ్ళు ఉండేది సామర్లకోటలో. "ఆ రద్దీలో దీన్నెక్కడ తిప్పుతానే, నీ దగ్గరుంచుకో అమ్మా," అని ముందురోజు సాయంత్రం పిల్లని దింపి వెళ్ళింది. మూడున్నరేళ్ళది. దానికి నేనంటే ప్రాణం.

మర్నాడు పదకొండింటికి పిల్ల హాల్లో టీవీ ముందు కూర్చుని ఉంది. పెరటి వరండాలో ఎండ బాగా పడుతోందని, భూతద్దంతో ఆ చుక్కని ఇంకోసారి చూద్దామని డబ్బా దింపి చాప మీద పెట్టుకున్నాను. ఫోను మోగింది. అమ్మాయి. వరండాలో సిగ్నల్ సరిగా ఉండదు, వీధి గుమ్మంలోకి వెళ్ళాను. లోపలికి వెళ్తున్నామని, ఫోన్లు ఆపేస్తున్నామని, పూర్తయ్యేసరికి రెండు దాటుతుందని చెప్పింది. మూడు నిమిషాలు కూడా మాట్లాడి ఉండను.

తిరిగి వచ్చేసరికి పిల్ల చాప మీద ఉంది. డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. దూది అంతా పీకి చుట్టూ పోసింది. రెండు చేతులూ గొంతు దగ్గర పెట్టుకుని నోరు తెరుచుకుని నా వైపు చూస్తోంది. చొంగ గవును మీద కారుతోంది.

"ఏంటమ్మా? ఏం చేశావు?"

"బిళ్ళ," అంది.

"నోట్లో పెట్టుకున్నావా?"

"లోపలికెళ్ళిపోయింది, అమ్మమ్మా."

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి. నేను ముందు చూసింది పిల్ల నోట్లోకి కాదు, డబ్బాలోకి. నడిమి గిన్నె ఖాళీగా ఉంది. చాప దులిపాను, దూది అంతా వేళ్ళతో విడదీశాను, గచ్చు మీద చేతులతో తడుముతూ పాకాను. అదెక్కడో కింద పడి ఉండాలని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. పడలేదు. అప్పటికి పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. ఏడుపుకి గొంతు రావడం లేదు, ముఖం మాత్రం ఎర్రబడుతోంది. మా అత్తగారి మాట నా చెవిలో ఎవరో అన్నట్టే వినిపించింది.

పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగి చూసి, "ఏంటండీ, పిల్లకేమైంది?" అంటూ వచ్చేశారు. ఆవిడ గుమ్మం దాటేలోపు నేను డబ్బాకి మూత పెట్టి వరండాలో ఉన్న మంచం కిందికి తోసేశాను. అంత భయంలోనూ ఆ తెలివి ఎలా వచ్చిందో!

"రూపాయి బిళ్ళ మింగిందండీ," అన్నాను.

"ఓస్, రూపాయి బిళ్ళేనా! మా చిన్నాడు చిన్నప్పుడు రెండు మింగాడు. ఓ అరటిపండు పెట్టండి, దాంతోపాటే జారిపోద్ది."

పెట్టాను. పిల్ల రెండు ముక్కలు మింగింది. మూడోది మింగబోయి ఒక్కసారిగా దగ్గు. కళ్ళు తేలేసింది. బోర్లా వంచి వీపు మీద తట్టాను. అరటిపండు గుజ్జు కొంచెం బయటికొచ్చింది, నాణెం రాలేదు. ఊపిరి మాత్రం అందింది. పిన్నిగారి ముఖంలో నవ్వు పోయింది. "తాతగారికి ఫోన్ చెయ్యండి," అన్నారు.

మావారు స్కూటర్ మీద వచ్చారు. ఆయన అడిగినా అదే చెప్పాను. "రూపాయి బిళ్ళ." ఒకసారి అన్నాక రెండోసారి అనడం తేలికైపోతుంది.

ఊళ్ళో పిల్లల డాక్టరు గారు ఎక్స్‌రే తీయించారు. ఆ ఫిల్ము దీపానికి పెట్టినప్పుడు చూశాను. పిల్ల పక్కటెముకలు సన్నగా, చేప ముళ్ళలా ఉన్నాయి. వాటి మధ్యన, ఛాతీలో, తెల్లగా ఒక బిళ్ళ.

"గాలి గొట్టంలో కాదండి, అన్నం వెళ్ళే గొట్టంలో ఉంది. అదొక అదృష్టం," అన్నారాయన. తర్వాత కళ్ళద్దాలు సర్దుకుని ఇంకోసారి చూశారు. "రూపాయేనా అమ్మా? అంచు గుండ్రంగా లేదేంటి?"

మావారు నా వైపు చూశారు.

"రూపాయేనండి," అన్నాను. "పాతదేమో."

డాక్టరు గారు కాకినాడ తీసుకెళ్ళమని, పచ్చి మంచినీళ్ళు కూడా ఇవ్వొద్దని చెప్పి చీటీ రాసిచ్చారు.

వీధి చివర అద్దెకి తిప్పే కారుంది. డ్రైవరు మాకు తెలిసినవాడే. కోతల రోజులు, రోడ్డుకి ఒక పక్కంతా ధాన్యం ఆరబోసి ఉంది. ఎదురుగా బస్సో లారీయో వచ్చిన ప్రతిసారీ కారు ఆగిపోయేది.

"కొంచెం తొందరగా పోనీవయ్యా," అన్నారు మావారు.

"ఆయ్, పోనిత్తానండి. గింజల మీద బ్రేకు వేస్తే బండి జారిపోద్దండి," అన్నాడతను.

పిల్ల నా ఒళ్ళో పడుకుంది. నిద్రపోతోందో, స్పృహ తప్పిందో తెలియక నిమిషానికోసారి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి తగులుతూనే ఉంది. వేలు తీయగానే మళ్ళీ అనుమానం. చొంగ తుడిచి తుడిచి నా కొంగు తడిసిపోయింది. దాని పొట్ట మీద చెయ్యి వేసి, సీసమైతే విషం, అది జారకూడదు, కడుపులోకి జారకూడదు అనుకుంటున్నాను. పక్కన కూర్చున్న మావారు పైకే అంటున్నారు, "సత్యనారాయణస్వామీ, ఆ బిళ్ళ కడుపులోకి జారిపోయేలా చెయ్యి తండ్రీ. రేపు బయటికి వచ్చేస్తుంది." ఇద్దరం ఒకే దేవుడికి ఒకే పిల్ల కోసం రెండు రకాలుగా మొక్కుతున్నాం. నోరు తెరిచి చెప్పాల్సిన చోటు అదే. చెప్పలేదు. కాకినాడ చేరనీ అనుకున్నాను.

కాకినాడ ఆసుపత్రిలో డాక్టరు గారు మావారి కన్నా చిన్నవారు, నిదానంగా మాట్లాడే మనిషి. మళ్ళీ ఎక్స్‌రే తీశారు. నాణెం ఇందాకటికన్నా కొద్దిగా కిందికి దిగింది. చొంగ తగ్గింది. పిల్ల లేచి కూర్చుని, "అమ్మ ఏది?" అని అడిగింది కూడా.

"భయపడకండి," అన్నారు డాక్టరు గారు. "చిన్న బిళ్ళ. దిగుతోంది. రేపు పొద్దున్న దాకా చూద్దాం. చాలావరకు దానంతట అదే కడుపులోకి వెళ్ళి బయటికి వచ్చేస్తుంది. రాకపోతే అప్పుడు తీద్దాం."

మావారు చేతులు జోడించారు. మంచి కబురు విని భయపడ్డది ఆ గదిలో నేనొక్కదాన్నే.

వార్డు బయట బెంచీ మీద ఉప్పాడ వైపు నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుని ఉంది. చేపల అమ్మకం వాళ్ళ పని. మనవడికి చేపముల్లు గొంతులో దిగితే తీయించి, వాడు లేచే దాకా కాచుకుని ఉంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది.

"మీ పాప ఏటి మింగిందమ్మా?"

ఎందుకో ఆవిడ దగ్గర అబద్ధం రాలేదు. ఆవిడకి నేనెవరో తెలియదు, మళ్ళీ కనిపించదు, అందుకేనేమో. పాత నాణెం అని, నేను దాచుకున్నదని, పైన వెండి లోపల సీసమేమోనని, సీసం విషమని, అంతా ఒక్క ఊపులో చెప్పేశాను.

ఆవిడ తిట్టలేదు, అయ్యో అనలేదు. "డాక్టరు గారికి సెప్పారా మరి?" అంది.

"లేదమ్మా."

"నాకు సెప్తే నానేటి సేత్తానమ్మా? ఎల్లండి. ఎల్లి ఆయనకి సెప్పండి."

లేచాను. వరండా చివర డాక్టరు గారి గది. పాతిక అడుగులుంటాయేమో. తలుపు తట్టకుండానే లోపలికి వెళ్ళిపోయాను.

"అది రూపాయి కాదండి," అన్నాను. మిగతాది ఎలా చెప్పానో గుర్తులేదు. తూకం గురించి, నల్లటి చుక్క గురించి చెప్పినట్టు మాత్రం గుర్తుంది. వినగానే ఆయన కుర్చీలోంచి లేచారు. కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు.

"ఎన్నింటికి మింగింది?"

"పదకొండుంపావు."

"ఇప్పుడు రెండు. ముందే చెప్పి ఉండాల్సిందమ్మా. సీసమైతే కడుపులో యాసిడ్‌కి కరుగుతుంది, రక్తంలో కలుస్తుంది. కడుపులోకి దిగకుండానే తీసెయ్యాలి. పాప చివరిసారి ఏం తింది?"

"పొద్దున్న ఇడ్లీ. అది మింగాక అరటిపండు పెట్టాను."

ఆయన కళ్ళు మూసుకుని తెరిచారు. మత్తు ఇవ్వాలంటే కడుపు ఖాళీగా ఉండాలట. లేకపోతే తిన్నది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అది నాణెం కన్నా ప్రమాదం. కనీసం అయిదు దాటే దాకా ఆగాలి. ఈలోగా నాణెం కిందికి జారినా, పిల్ల ఆయాసపడినా అప్పుడు తెగించక తప్పదు. సీసం ఉందో లేదో చూడ్డానికి రక్తం వేరే తీసి పంపిస్తామన్నారు.

బయటికి వచ్చి ఆ మాటలన్నీ మావారి ఎదుట మళ్ళీ ఆయనే చెప్పారు. మావారు మధ్యలో, "ఏ నాణెం అండి? రోము ఏంటి?" అని అడిగారు. డాక్టరు గారు నా వైపు చూశారు. అలా తెలిసింది మావారికి. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన నన్ను అలా చూడడం అదే మొదలు. కాగితాల మీద ఎక్కడ సంతకం పెట్టాలో నర్సుని అడిగి పెట్టారు.

రెండు నుంచి అయిదు. ఆ మూడు గంటలూ గడియారం కింద కూర్చున్నాను. పిల్ల నీళ్ళడిగింది. ఇవ్వకూడదు. పెదాల మీద తడిగుడ్డ అద్దితే ఆ గుడ్డని చీకడం మొదలుపెట్టింది, లాక్కోవాల్సి వచ్చింది. అది పక్కకి తిరిగితే నాణెం జారుతుందేమోనని, కూర్చుంటే జారుతుందేమోనని, దగ్గితే జారుతుందేమోనని భయం. పాట పాడమంది. పాడాను. నాలుగింటికి ఇంకోసారి ఎక్స్‌రే. ఇంకో వేలెడు కిందికి దిగింది. "ఇంకా పైనే ఉంది," అన్నారు డాక్టరు గారు. "పైనే" అన్న మాటని పట్టుకుని వేలాడాను.

నాలుగున్నరకి అమ్మాయీ అల్లుడూ వచ్చారు. మావారే ఫోన్ చేసి చెప్పారు. అమ్మాయి వ్రతానికి కట్టుకున్న పట్టుచీరతోనే వచ్చింది. సంచిలో ప్రసాదం పొట్లాలు ఉన్నాయి, విస్తరాకుల వాసన గదంతా వచ్చింది. పిల్లని ఎత్తుకుని, ముద్దులు పెట్టుకుని, అల్లుడి చేతికిచ్చి, నా దగ్గరికొచ్చింది.

"రూపాయి అని ఎందుకు చెప్పావమ్మా?"

"భయమేసిందే."

"దేనికి? పిల్లకేమవుతుందోననా, నాన్నకి తెలిసిపోతుందనా?"

రెండూ అని చెప్పొచ్చు. కానీ ముందు ఏ భయం వేసిందో నాకు తెలుసు, దానికీ తెలుసు.

అయిదుంపావుకి పిల్లని లోపలికి తీసుకెళ్ళారు. తలుపు మూసుకున్నాక మేం నలుగురం నాలుగు చోట్ల నిలబడ్డాం. నేను గోడకి నుదురు ఆనించి నిలబడ్డాను. లోపల ఏదో యంత్రం కూత పెడుతోంది. ఆ కూత ఒక తీరుగా ఉన్నంతసేపు బాగానే ఉన్నట్టని ఎవరూ చెప్పకుండానే నేనే నిర్ణయించుకున్నాను. ఒకసారి అది ఆగింది. ఎంతసేపు ఆగిందో నాకు తెలియదు. మళ్ళీ మొదలైంది. వైరు ఊడితే సరిచేశారట, తర్వాత నర్సు చెప్పింది.

ఇరవై నిమిషాలకి డాక్టరు గారు బయటికొచ్చారు. "తీసేశామండి. పాప బాగుంది," అన్నారు. మా అమ్మాయి అక్కడే కింద కూలబడి ఏడ్చింది. దగ్గరికి వెళ్ళబోయి ఆగిపోయాను.

నాణేన్ని చిన్న ప్లాస్టిక్ సీసాలో వేసి తెచ్చారు. పట్టుకారు గీసుకున్న చోట పైన వెండి లేచి లోపల ఎర్రగా కనిపిస్తోంది. రాగి. సీసం కాకపోవచ్చన్నారు డాక్టరు గారు. అయినా రక్తపరీక్ష ఫలితం వచ్చే దాకా నిశ్చింతగా ఉండలేం అన్నారు. రోము కాలంలోనే రాగికి వెండి తొడిగి దొంగ నాణేలు చేసేవారని నాకు తెలుసు. అది అప్పటి మోసమో, మొన్నటి మోసమో తేల్చుకోవాలని మాత్రం అనిపించలేదు. ఆ సీసా ఆసుపత్రి బల్ల మీదే వదిలేసి వచ్చాను.

ఫలితం రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ మా అమ్మాయికి ఫోన్ చెయ్యడానికి జంకాను, చెయ్యకుండా ఉండలేకపోయాను. ఎత్తి, "బాగానే ఉంది," అని పెట్టేసేది. నాలుగో రోజు అల్లుడు చేశారు. రక్తంలో ఏమీ లేదని చెప్పారు. ఫోన్ పట్టుకునే వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను. మావారు వచ్చి చూసి, కంగారుగా ఏమైందని అడిగారు. చెప్పాను. ఎదురుగా ఆయనా కూర్చున్నారు. ఆ వారంలో మేమిద్దరం సరిగా ముఖాలు చూసుకున్నది అప్పుడే.

"నాణేలు కొనుక్కున్నందుకు కాదు," అన్నారు. "కారులో నా పక్కనే కూర్చున్నావు. అప్పుడైనా చెప్పలేకపోయావా?" ఆయనే మళ్ళీ అడిగారు, "నాకు చెప్పనివి ఇంకేమైనా ఉన్నాయా?"

"లేవండి," అన్నాను. నిజమే చెప్పాను. ఆయన తల ఊపారు గానీ నమ్మారో లేదో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. మిగిలిన పది నాణేలూ ఆయనే తీసుకెళ్ళి కొట్టులో ఇనప్పెట్టెలో పెట్టారు. తాళంచెవి ఎక్కడుంటుందో చెప్పారు. నేను అడగలేదు.

అయిదు నెలల తర్వాత మా అమ్మాయి మళ్ళీ పిల్లని తీసుకుని వచ్చింది. బట్టల షాపు దాకా వెళ్ళొస్తానంది. వెళ్ళేముందు ఇల్లంతా తిరిగింది. బీరువా తీసి చూసింది, వంటింటి గూళ్ళు చూసింది, వంగి మంచాల కింద చూసింది. దాని వెనకే నడిచి, అది అడగకముందే ఒక్కో తలుపూ నేనే తీసి చూపించాను.

అది వెళ్ళింది రెండు గంటలసేపే. పిల్ల చాప మీద కూర్చుని రంగు పెన్సిళ్ళతో బొమ్మలు గీసుకుంటోంది. నేను ఎదురుగా కూర్చుని దాని చేతుల్నే చూస్తున్నాను. ఫోను మోగితే ఎత్తలేదు. ఒకసారి పెన్సిలు నోటి దగ్గరికి తీసుకెళ్ళింది, ఏ రంగు వెయ్యాలో ఆలోచిస్తూ. అంతే, నా చెయ్యి గభాలున ముందుకెళ్ళి దాని మణికట్టు పట్టుకుంది. అది బెదిరిపోయి నా ముఖంలోకి చూసింది.

"ఏంటి అమ్మమ్మా?" అంది.

"ఏం లేదమ్మా, వేసుకో," అన్నాను. చెయ్యి వదలడానికి మాత్రం నాకు కొంచెం సమయం పట్టింది.